కూచిపూడి–మేలట్టూరు రహదారి యాత్ర

కృష్ణా జిల్లా మొవ్వ మండలంలోని కూచిపూడి నుంచి తమిళనాడు తంజావూరు జిల్లాలోని మేలట్టూరు దాకా సముద్ర తీరం వెంబడి సాగే రోడ్డు ప్రయాణం ఇది. దూరం సుమారు 800 కి.మీ. రెండు కొసల్లోనూ తెలుగు నృత్యనాటకమే ఉంది. కృష్ణ ఒడ్డున భామాకలాపం, కావేరి ఒడ్డున భాగవత మేళం. మధ్యలో ఆంధ్రప్రదేశ్, తమిళనాడు, పుదుచ్చేరి సరిహద్దులు దాటాలి. జర్మనీలో వూర్ట్స్‌బుర్గ్ నుంచి ఫ్యూసెన్ వరకు 1950లో ‘రొమాంటిక్ రోడ్’ అని పేరుపెట్టి ఊళ్లన్నిటినీ ఒకే దారికి గుచ్చారు. ఏ ఊళ్లో ఎందుకు దిగాలో యాత్రికుడికి ముందే తెలుస్తుంది. కూచిపూడి–మేలట్టూరు దారికి అలాంటి పేరూ లేదు, దారి పొడవునా బోర్డులూ లేవు. కానీ ఇక్కడి మజిలీల మధ్య ఉన్న చుట్టరికం చాలా గట్టిది, చాలా పాతది.

దారి వెనుక చరిత్ర

కూచిపూడి భాగవతులు పుట్టుకతోనే ప్రయాణికులు. కోతలు ముగిసి రైతు ఇంటికి ధాన్యం చేరాక మేళాలు కట్టి ఊరూరా ఆడటం వాళ్ల జీవనం. వాళ్ల గురించి తొలినాటి కబురు కూడా ప్రయాణానికి సంబంధించినదే. 16వ శతాబ్ది తొలి ఏళ్లలో ఒక మేళం సిద్ధవటం సీమ గుండా పోతూ సమ్మెట గురవరాజు అనే పాలకుడు ప్రజలను పెట్టే హింసను చూసిందనీ, విజయనగరం చేరి వీరనరసింహరాయల ఎదుట దాన్నే ప్రదర్శనగా ఆడి చూపిందనీ మాచుపల్లి కైఫియత్తు చెబుతుంది. ఆట చూసిన రాయలు సైన్యాన్ని పంపి గురవరాజును శిక్షించాడట.

1565లో విజయనగరం పతనమయ్యాక కవులు, గాయకులు, భాగవతులు చాలామంది తంజావూరు నాయకరాజుల నీడకు చేరారు. అచ్యుతప్ప నాయకుడు తెలుగు బ్రాహ్మణ కుటుంబాలకు ఇళ్లూ పొలాలూ ఇచ్చి నిలిపిన అగ్రహారమే మేలట్టూరు అని సంప్రదాయం. అచ్యుతపురం అన్న పేరు కూడా ఉండేది. 17వ శతాబ్దిలో మొవ్వ నుంచి క్షేత్రయ్య కూడా ఇంచుమించు ఈ దిక్కుకే సాగాడు. మదురలో తిరుమల నాయకుడి ఎదుట, తంజావూరులో విజయరాఘవ నాయకుడి ఎదుట, గోలకొండ పాదుషా కొలువులో పదాలు పాడినట్టు ఆయన పేర ఉన్న మేరువ పదం లెక్కలతో సహా చెబుతుంది. కంచి వరదుడు, శ్రీరంగేశుడు, చిదంబరం గోవిందరాజు ఆయన పదాల్లో నాయకులుగా కనిపిస్తారు. కాబట్టి ఈ యాత్రకు తోవ వేసినవాడు క్షేత్రయ్యే అనుకోవచ్చు.

దూరప్రయాణానికి ఏర్పాట్లు ఎలా చేసుకోవాలో తెలియాలంటే ఏనుగుల వీరాస్వామయ్యను చూడాలి. 1830 మే 18న మద్రాసు నుంచి సుమారు వందమంది పరివారంతో కాశీకి బయలుదేరి 1831 సెప్టెంబరులో తిరిగి వచ్చాడు. నైజాం, నాగపూరు రాజ్యాలు, కుంఫిణీ సీమలు దాటుతూ ఎక్కడ నీళ్లు మంచివి, ఎక్కడ సరుకులు దొరుకుతాయి, ఎక్కడ సుంకం అడుగుతారు, ఏ ఊళ్లో దిగడానికి చోటుంది అన్నవన్నీ రాసిపెట్టాడు. 1838లో అచ్చయిన ‘కాశీయాత్ర చరిత్ర’ను నేటి కారు యాత్రికుడు కూడా చదివి తీరాలి. బండి మారింది గానీ ఆయన వేసుకున్న ప్రశ్నలు ఇవాళ్టికీ అవే.

తేదీ ఎలా కుదుర్చుకోవాలి

ఈ యాత్రకు తేదీని బయలుదేరే ఊరు నిర్ణయించదు, చేరే ఊరు నిర్ణయిస్తుంది. మేలట్టూరులో భాగవత మేళం ఏటా నృసింహ జయంతికి, అంటే వైశాఖ శుద్ధ చతుర్దశికి మొదలై రోజుల తరబడి సాగుతుంది. అది చాలావరకు మే నెలలోనే పడుతుంది. కోస్తాలో అవి ఎండలు మండే రోజులు. అయినా తేదీ మార్చుకోవద్దనే చెప్పాలి. ఆట లేని మేలట్టూరుకు వెళ్తే ఒక గుడీ ఒక వీధీ చూసి రావలసి వస్తుంది. ఆ ఊళ్లో రెండు సంఘాలు విడివిడిగా ప్రదర్శనలు జరుపుతాయి కనుక ఇద్దరి కార్యక్రమాలూ ముందే కనుక్కోవాలి. పంచాంగంలో చతుర్దశి చూసుకుని, అక్కడి నుంచి వెనక్కి రోజులు లెక్కపెట్టుకుంటూ వస్తే బయలుదేరే రోజు తేలుతుంది.

మేలో వీలు కానివారికి పుష్య మాసం మంచిది. పుష్య బహుళ పంచమికి తిరువయ్యారులో త్యాగరాజ ఆరాధన జరుగుతుంది. అప్పటికి పులికాట్ సరస్సులో రాజహంసలు దిగి ఉంటాయి, ఎండా సుఖంగా ఉంటుంది. మహాశివరాత్రికి వెళ్తే చిదంబరంలో నాట్యాంజలి చూడవచ్చు. మానుకోవలసినవి అక్టోబరు నుంచి డిసెంబరు మొదటి రోజుల వరకు గల వారాలు. ఈశాన్య రుతుపవనం, తుపానులు ఈ దారినంతా ఒకేసారి పట్టుకుంటాయి. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనలో పదివేలకు పైగా ప్రాణాలు పోయాయి. 1864 నవంబరులో బందరును ముంచిన ఉప్పెన మరో 30 వేల మందిని పొట్టన పెట్టుకుందని అంచనా. ఆ నెలల్లో తీరం వెంబడి రోడ్డు మీద సరదా ప్రయాణం పెట్టుకోవడం తగదు.

రోజుకు 250 కి.మీ. మించి నడపకూడదన్నది మంచి నియమం. మొత్తానికి ఎనిమిది, తొమ్మిది రోజులు కావాలి. వాటిని అన్ని చోట్లా సమంగా పంచడం చాలామంది చేసే పొరపాటు. మొదటి 60 కి.మీ.లకు రెండు రోజులు, చివరి 60 కి.మీ.లకు మూడు రోజులు ఇచ్చి, మధ్య దారిని తొందరగా దాటాలి. సరుకంతా కృష్ణ, కావేరి డెల్టాల్లోనే ఉంది.

బండి, కాగితాలు, సరిహద్దులు

ఐరోపాలో 1995 మార్చి నుంచి షెంగెన్ దేశాల మధ్య సరిహద్దు గేట్లు ఎత్తేశారు. కారు ఆపకుండానే ఫ్రాన్స్ నుంచి జర్మనీకి పోయే వీలు వచ్చింది. అయినా ఆస్ట్రియా, స్విట్జర్లాండ్ హైవేల మీదికి ఎక్కాలంటే ఆ దేశపు టోల్ స్టిక్కరు కొనాలి. మన ఊరి డ్రైవరైతే ఆర్టీవో దగ్గర అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ తీసుకోవాలి. అది ఏడాదే చెల్లుతుంది. అంటే గేటు లేనంత మాత్రాన ఏ నిబంధనా లేదని కాదు. ఆంధ్ర–తమిళనాడు సరిహద్దైన తడ దగ్గరా అంతే.

సొంత కారుకు పని తేలిక. ఆర్సీ, ఇన్సూరెన్స్, పొల్యూషన్ సర్టిఫికెట్, లైసెన్సు ఉంటే చాలు. డిజిలాకర్‌లో ఉన్నా చెల్లుతాయి. ఆంధ్ర నంబరు బండి మరో రాష్ట్రంలో వరుసగా 12 నెలలకు మించి ఉంటేనే అక్కడ తిరిగి రిజిస్ట్రేషన్ చేయించాలి. అద్దె టాక్సీ మాట వేరు. పసుపు బోర్డు బండికి ఆలిండియా టూరిస్ట్ పర్మిట్ ఉందో లేదో బేరం కుదరక ముందే అడగాలి. ‘పర్మిట్ దారిలో చూసుకుందాం లెండి’ అనే ట్రావెల్స్‌వాళ్ల బండి ఎక్కవద్దు. చెన్నై నుంచి తీరం రోడ్డున దక్షిణానికి పోతే తమిళనాడు నుంచి పుదుచ్చేరిలోకీ, మళ్లీ తమిళనాడులోకీ దాటాలి. ఆ దాటుళ్లకు కూడా పర్మిట్ చెల్లేలా చూసుకోవాలి. 2021 ఫిబ్రవరి నుంచి జాతీయ రహదారి టోల్ గేట్లలో ఫాస్టాగ్ తప్పనిసరి.

ఇటీవలి ఏళ్లలో ఆంధ్రప్రదేశ్‌లో పెట్రోలు, డీజిల్ ధరలు తమిళనాడులో కంటే ఎక్కువగా ఉంటున్నాయి. అందుకే వెళ్లేటప్పుడు నెల్లూరు దగ్గర చాలినంతే కొట్టించి సరిహద్దు దాటాక ట్యాంకు నింపడం లారీ డ్రైవర్లందరికీ తెలిసిన పద్ధతి.

మ్యాపు పెట్టుకునేవారు ఒక విషయంలో జాగ్రత్త పడాలి. ఈ దారిలో ముఖ్యమైన ఊళ్లకు జంటపేర్లున్నాయి. శ్రీకాకుళం అని కొడితే ఫోను 400 కి.మీ.కు పైగా దూరాన ఉత్తరాంధ్రలో ఉన్న జిల్లా కేంద్రానికి దారి చూపుతుంది. మనకు కావలసింది ఘంటసాల మండలంలోని పల్లె. కూచిపూడి తెనాలి వైపు అమృతలూరు మండలంలో మరొకటి ఉంది. మేలట్టూరు కేరళ మలప్పురం జిల్లాలోనూ ఉంది. పక్కన మండలం, జిల్లా పేర్లు చేర్చి వెతకాలి.

బందరు, పెడన

యాత్రను బందరు, అంటే మచిలీపట్నం నుంచి మొదలుపెట్టడం మేలు. బస చేయడానికి కూచిపూడిలో వసతులు తక్కువ. బందరులోనో గుడివాడలోనో దిగి, పొద్దున్నే పల్లెలకు వెళ్లడం సుఖం. గోలకొండ రాజ్యానికి ముఖ్యమైన రేవు బందరే. డచ్చివాళ్లు 1605లో, ఇంగ్లీషువాళ్లు 1611లో ఇక్కడ వర్తకస్థావరాలు పెట్టారు. బందరు కోటలో పాత కట్టడాల శిథిలాలు, ఊళ్లో చెక్కడపు రాళ్లున్న డచ్చి సమాధులు నేటికీ ఉన్నాయి. భోగరాజు పట్టాభి సీతారామయ్య 1923లో ఆంధ్రా బ్యాంకు పెట్టింది ఈ ఊళ్లోనే.

విదేశీయులు ఇంత దూరం వచ్చింది అద్దకం గుడ్డల కోసం. ఆ పని చూడాలంటే ఉత్తరానికి కొద్ది దూరంలోని పెడనకు వెళ్లాలి. ముతక బట్టను ముందు కరక్కాయ నీళ్లలో, గేదె పాలలో తడిపి ఎండబెడతారు. పాలలోని వెన్న వల్ల రంగు పక్కకు పాకదు. తుప్పు పట్టిన ఇనుప ముక్కలను బెల్లం నీళ్లలో రోజుల తరబడి నానబెట్టి తీసిన కషాయంలో టేకు అచ్చును ముంచి బట్ట మీద పెట్టి, గుప్పిటతో ఒక్క దెబ్బ వేస్తే, కరక్కాయ తగిలిన చోట అది నల్లగా తేలుతుంది. ఎరుపు రావలసిన చోట పటిక అచ్చు వేస్తారు. అప్పటికి కంటికి ఏమీ కనిపించదు. రంగు కాగులో ఉడికినప్పుడే ఎర్రదనం పైకి వస్తుంది. ఉడికిన బట్టను పారే నీళ్లలో జాడించాలి. అందుకే ఈ పరిశ్రమ కాలవ ఒడ్డునే బతికింది. 1855లో బెజవాడ ఆనకట్ట పూర్తయ్యాక వచ్చిన కాలవలు వరికి ఎంత మేలు చేశాయో అద్దకానికీ అంత చేశాయి.

బయలుదేరే ముందు బందరు లడ్డు కట్టించుకోవాలి. శనగపిండితో వేసిన జంతికలను పొడిచేసి, బెల్లం పాకంలో కలిపి, నేతితో రోకలి పోటు వేసి మెత్తగా దంచుతారు. తొక్కుడు లడ్డు అన్న పేరు ఆ దంపుడు వల్లే వచ్చింది. కారు ఎండలో రెండు మూడు రోజులు పాడవకుండా ఉండే మిఠాయి ఇది.

కూచిపూడి, మొవ్వ చుట్టుపక్కల

విజయవాడ–బందరు రోడ్డు మీద పామర్రు దగ్గర దక్షిణానికి తిరిగితే కూచిపూడి వస్తుంది. చుట్టూ వరి చేలు, ఊరి నడుమ బాలాత్రిపురసుందరీ సమేత రామలింగేశ్వరస్వామి గుడి. భామాకలాపం కూర్చిన సిద్ధేంద్రయోగి ఊళ్లోని మగపిల్లలంతా జీవితంలో ఒక్కసారైనా సత్యభామ వేషం కట్టాలని మాట తీసుకున్నాడంటారు. గోలకొండ చివరి సుల్తాను అబుల్ హసన్ తానీషా బందరు పోతూ ఇక్కడ ఆట చూసి మెచ్చి అగ్రహారం ఇచ్చాడని చెప్పుకుంటారు. 1763 నాటి పంపకాల పత్రంలో వాటాదారులైన భాగవతుల కుటుంబాల ఇంటిపేర్లున్నాయి. వేదాంతం, వెంపటి, పసుమర్తి, చింతా వంటి ఇంటిపేర్లు ఈనాటికీ కూచిపూడి నాట్యానికి పర్యాయపదాలు.

గుడీ విగ్రహాలూ చూసి వెనుదిరిగితే కూచిపూడి చూసినట్టు కాదు. సిద్ధేంద్రయోగి కళాపీఠంలో పాఠాలు జరిగే రోజు చూసుకుని అనుమతి అడిగి వెళ్లాలి. పాదాల కింద నేల మోగే చప్పుడు, నట్టువాంగం తాళాలు, గురువు ఒకే అడుగును పదేపదే వేయించడం చూస్తే ఈ కళ పనితనం అర్థమవుతుంది. వీలుంటే భామాకలాపం ప్రవేశం చూడాలి. ఇద్దరు తెర పట్టుకుని నిలబడతారు. సత్యభామ ముందు ముఖం చూపదు, తన జడను తెర మీదుగా సభలోకి వేస్తుంది. తనను ఆటలో గెలవగలవారు ఎవరైనా ఉంటే రమ్మనే సవాలు అది. వేదాంతం సత్యనారాయణ శర్మ వేసిన సత్యభామను చూసినవాళ్లు ఆ తెర వెనక ఉన్నది మగవాడన్న సంగతే మరిచిపోయామని చెప్పేవారు. తరంగం రోజైతే ఇంకా మంచిది. ఇత్తడి పళ్లెం అంచుల మీద నిలిచి ఆడే ఆ అంశానికి సాహిత్యం నారాయణతీర్థులది. ఆయనను ఈ యాత్ర చివర మళ్లీ కలుస్తాం.

కూచిపూడికి కూతవేటు దూరంలో మొవ్వ. క్షేత్రయ్య తన పదాల్లో పిలిచిన వేణుగోపాలుడి గుడి చిన్నది, సందడి లేనిది. లోపల కూర్చుని ఫోనులో ఒక క్షేత్రయ్య పదం పెట్టుకుని వినడం కంటే మించిన దర్శనం లేదు. ఇదే మండలంలోని భట్లపెనుమర్రు జాతీయ పతాక రూపకర్త పింగళి వెంకయ్య పుట్టిన ఊరు.

ఇక్కడి నుంచి కృష్ణ కరకట్ట వైపు వెళ్తే శ్రీకాకుళంలో ఆంధ్ర మహావిష్ణువు ఆలయం ఉంది. కళింగ దండయాత్రకు వెళ్తూ శ్రీకృష్ణదేవరాయలు ఇక్కడ ఆగినప్పుడు, స్వామి కలలో కనిపించి తెలుగులో కావ్యం రాయమన్నాడని ఆముక్తమాల్యద అవతారికలో ఉంది. కాసుల పురుషోత్తమ కవి ఆంధ్రనాయక శతకం చెప్పింది ఈ దేవుడి మీదే. తెలుగు పాఠకుడు తన జీవితంలో ఒక్క పూటైనా గడపవలసిన చోటు ఇది. దగ్గర్లోని ఘంటసాలలో బౌద్ధ స్తూపం, మ్యూజియం ఉన్నాయి. రెండో శతాబ్దిలో టోలెమీ పేర్కొన్న కంటకస్సుల రేవు ఇదేనని చరిత్రకారుల మాట.

చల్లపల్లి, మోపిదేవి దాటితే అవనిగడ్డ. అక్కడి నుంచి నాగాయలంక, హంసలదీవి వైపు రోడ్డు సన్నబడుతుంది. కృష్ణ సముద్రంలో కలిసే చోటు, మడ అడవులు, హంసలదీవి వేణుగోపాలస్వామి గుడి చూడాలంటే ఒక పగలంతా కావాలి, చీకటి పడకముందే వెనక్కి రావాలి. డెల్టా రోడ్లు నల్లరేగడి మీద వేసినవి. అంచులు కుంగి ఉంటాయి. కోతల కాలంలో సగం రోడ్డు మీద ధాన్యం ఆరబోసి ఉంటుంది, వెనక లైటు లేని ట్రాక్టర్లు ఎదురవుతాయి. రైతుకు ఆ రోడ్డే కల్లం కనుక మన బండే పక్కకు తప్పుకోవాలి. దివిసీమ ప్రజలు దారి అడిగితే ‘ఏ ఊరండీ మనది?’ అని ఆరా తీసి, బంధుత్వాలు కలిపి, మజ్జిగ ఇచ్చిగానీ పంపరు. ఆ అరగంట లెక్కలో వేసుకోవాలి.

పెనుమూడి నుంచి తడ వరకు

పులిగడ్డ–పెనుమూడి వారధి పడక ముందు దివిసీమ నుంచి రేపల్లె పోవాలంటే లాంచీలే దిక్కు. ఇప్పుడు 216వ జాతీయ రహదారి ఆ వంతెన మీదుగా కృష్ణను దాటి రేపల్లె, బాపట్ల, చీరాలల మీదుగా ఒంగోలు దగ్గర 16వ జాతీయ రహదారిని కలుస్తుంది. ఈ మధ్య దారిలో రెండు మూడు చోట్ల ఆగితే చాలు. రేపల్లె దాటాక కొద్దిగా పక్కకు తిరిగితే భట్టిప్రోలు. ఇక్కడి స్తూపంలో దొరికిన ధాతుకరండాల మీది అక్షరాలు దక్షిణాది లిపుల చరిత్రలో అతి పాతవాటిలో లెక్క. చీరాల 1921లో దుగ్గిరాల గోపాలకృష్ణయ్య నాయకత్వాన ఊరికి ఊరే ఖాళీ చేసి వెళ్లిన చోటు. వేటపాలెంలో 1918లో పుట్టిన సారస్వత నికేతనం గ్రంథాలయంలో పాత తెలుగు పత్రికల సంచికలు చూడవచ్చు. చదువరి అయినవాడు ఇక్కడ ఒక పూట కేటాయించుకోవాలి.

సరిహద్దు యాత్ర చేసేవాడికి మోటుపల్లి ప్రత్యేకం. చీరాల–ఒంగోలు మధ్య సముద్రం ఒడ్డునున్న ఈ పల్లె ఒకనాటి కాకతీయుల రేవు. తుపానుకు ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకును రాజులు స్వాధీనం చేసుకునే పాత ఆచారాన్ని మానుకుంటున్నట్టు, న్యాయమైన సుంకం మాత్రమే వసూలు చేస్తామన్నట్టు గణపతిదేవుడు 1244లో పరదేశి వర్తకులకు ఇక్కడ అభయ శాసనం వేయించాడు.

ఒంగోలు నుంచి నెల్లూరు 120 కి.మీ.కు అటూఇటూ, నెల్లూరు నుంచి చెన్నై సుమారు 175 కి.మీ. రోడ్డు వెడల్పు, వేగం ఎక్కువ, చూడవలసినవి తక్కువ. రాత్రి నెల్లూరులో ఉండి, తిక్కన ఊరిలో పెన్న ఒడ్డున రంగనాథస్వామిని చూసుకుని, చేపల పులుసు తిని పొద్దున్నే కదలాలి. నాయుడుపేట దగ్గర చాలామందికి తిరుపతి వైపు స్టీరింగు తిప్పాలనిపిస్తుంది. తిప్పవద్దు. తిరుమలకు వేరే యాత్ర కావాలి. ఒకే ప్రయాణంలో ఇరికిస్తే రెండూ చెడతాయి. చలికాలమైతే సూళ్లూరుపేట దగ్గర నేలపట్టులో గూడబాతులు, పులికాట్‌లో రాజహంసలు చూసి, తడ దాటాలి.

చెన్నై, కంచి, చిదంబరం

చెన్నైలో చూడవలసింది కూచిపూడికి రెండో పుట్టిల్లు. వెంపటి చినసత్యం పల్లె నుంచి మద్రాసు చేరి 1963లో కూచిపూడి ఆర్ట్ అకాడమీ స్థాపించారు. ఊరి భాగవతుల మేళాన్ని దేశదేశాల వేదికలకు తగిన నృత్యరూపంగా మలిచింది ఆ సంస్థే. ఈ నాట్యం పల్లె దాటి ఏమేం నేర్చుకుంది, ఏమేం విడిచిపెట్టింది అన్నది కూచిపూడిలో ఒక ఆట, చెన్నైలో ఒక ఆట చూస్తేనే తెలుస్తుంది.

కంచి నైరుతిగా సుమారు 75 కి.మీ. వరదరాజస్వామిని చూసి తీరం రోడ్డుకు వచ్చి మహాబలిపురం, పుదుచ్చేరి మీదుగా చిదంబరం చేరవచ్చు. చిదంబరం గోపురాల ద్వారాల్లో నాట్యశాస్త్రం చెప్పిన 108 కరణాలను రాతిలో చెక్కారు. నాట్యం నేర్చుకునే పిల్లలతో వెళ్తే ఒక్కో శిల్పం ముందు ఆగి భంగిమ పోల్చుకోవడానికే గంటలు పడతాయి. ఉత్తర గోపురం కళింగ విజయం తరవాత, పొట్నూరులో జయస్తంభం నాటాక శ్రీకృష్ణదేవరాయలు కట్టించినదని అక్కడి శాసనం చెబుతుంది. శ్రీకాకుళంలో కల కన్న దండయాత్రే ఇక్కడ గోపురమై లేచింది. నటరాజు ఉన్న ప్రాకారంలోనే గోవిందరాజు కూడా ఉన్నాడు.

తంజావూరు సీమ, మేలట్టూరు

చిదంబరం నుంచి కుంభకోణం 70 కి.మీ., అక్కడి నుంచి తంజావూరు 40 కి.మీ. వరి, కొబ్బరి, కాలవలు, కరకట్టలు చూస్తే దివిసీమ మనిషికి పరాయి ఊళ్లో ఉన్నట్టే తోచదు. బస ఈ రెండు పట్టణాల్లో ఒకచోట పెట్టుకోవాలి. మేలట్టూరులో లాడ్జీలు వెతుక్కోవద్దు. తంజావూరు సరస్వతీ మహల్‌లో నాయక, మరాఠా రాజుల కాలపు తెలుగు తాళపత్రాలు ఉన్నాయి. విజయరాఘవ నాయకుడు, మరాఠా రాజు శాహజీ తామే తెలుగులో యక్షగానాలు రాసినవాళ్లు. మరాఠీ మాతృభాష అయిన రాజు, తమిళ ప్రజల నడుమ, తెలుగులో నాటకం రాశాడు. భాషల సరిహద్దులను ఇంత ధీమాగా దాటిన కొలువు మన చరిత్రలో మరొకటి లేదు.

తిరువయ్యారులో కావేరి ఒడ్డున త్యాగరాజ సమాధి మందిరం ఉంది. దాన్ని బెంగుళూరు నాగరత్నమ్మ తన ఆస్తి ఖర్చుపెట్టి కట్టించింది. దగ్గరే తిరుప్పూందురుత్తిలో నారాయణతీర్థుల సమాధి, ఆయన తరంగాలు కూర్చిన వరాహూరు ఉన్నాయి. కూచిపూడిలో పళ్లెం మీద చూసిన తరంగం ఈ ఊళ్లలో భజనగా వినిపిస్తుంది.

మేలట్టూరు తంజావూరుకు 20 కి.మీ. లోపే. 18వ శతాబ్దిలో ఇక్కడ పుట్టిన వెంకటరామ శాస్త్రి ప్రహ్లాద చరిత్రము, ఉషా పరిణయము, హరిశ్చంద్ర, మార్కండేయ వంటి నాటకాలు తెలుగులో రాశాడు. 20వ శతాబ్దిలో ఈ సంప్రదాయం బలహీనపడినప్పుడు ఇ. కృష్ణయ్యరు వంటివారు దానికి మళ్లీ ప్రాణం పోశారు. వేషాలన్నీ మగవాళ్లే కడతారు. వాళ్లలో చాలామంది పగలు ఉద్యోగాలు చేసుకునేవాళ్లు, ఈ పండుగకు సెలవు పెట్టి ఊరికి వస్తారు. ప్రేక్షకుల్లో ఎక్కువమంది ఇంటిభాష తమిళం.

నృసింహ జయంతి రాత్రి వరదరాజ పెరుమాళ్ గుడి ఎదుటి వీధిలో ప్రహ్లాద చరిత్రము ఆడతారు. వేదిక దేవుడికి అభిముఖంగా ఉంటుంది. ముందు కోణంగి, తరవాత గణపతి వేషం. ఆపైన ఒక్కొక్క పాత్ర తెర వెనక నుంచి ప్రవేశ దరువుతో వస్తుంది. కూచిపూడిలో చూసిన తెరే ఇక్కడా ఉంది. లీలావతి కొడుకు కోసం భర్తను బతిమాలే ఘట్టం గంటల తరబడి సాగుతుంది, ఎవరూ లేచి పోరు. నరసింహుడి ముఖం ఉట్టి తొడుగు కాదు. ఏడాది పొడవునా గుడిలో పూజలందుకునే మూర్తి. దాన్ని ధరించే నటుడు ఉపవాసం ఉంటాడు. తెల్లవారుజామున స్తంభం చీలి ఆయన బయటికి వచ్చినప్పుడు ఆవేశం పట్టలేక హిరణ్యకశిపుడి మీదికి దూకకుండా కొందరు నడుము గుడ్డ పట్టి వెనక్కి లాగుతుంటారు. జనం నిలబడి చేతులు జోడిస్తారు.

ఆట తెల్లవారే దాకా ఉంటుంది కనుక మర్నాడు బండి తీయకూడదు. ఒక రోజు విశ్రాంతి పెట్టుకుని, సాధ్యమైతే అదే వారంలో శాలియమంగళం భాగవత మేళం కూడా చూడాలి.

తెలుగు రాష్ట్రాల నుంచి ఏటా లక్షల మంది ఈ దారినే రామేశ్వరం, మదుర, కన్యాకుమారి వెళ్తున్నారు. వాళ్లలో ఒక్కో బండి అయినా చతుర్దశి సాయంత్రానికి మేలట్టూరు వీధిలో ఆగాలి. మన భాషను నాలుగు శతాబ్దాలుగా తమ గుడి ముందు నిలబెట్టినవాళ్లకు, ఆ మాటలు అనువాదం లేకుండా అర్థమయ్యే ప్రేక్షకుల్లా ముందు వరసలో కూర్చోవడం మన బాధ్యత. వచ్చే వైశాఖం తేదీ ఈ రోజే పంచాంగంలో చూసి, గుర్తు పెట్టుకోండి.